మూడో కుట్టు

మిషనమ్మ పట్టుబట్టిందంటే గోడలైనా పక్కకు జరగాల్సిందేనని ఆవిడ కోడలు అంటుండేది. యాభై ఏళ్ళు కుట్టుమిషను ముందే కూర్చున్న మనిషి కాబట్టి జనం పెట్టిన పేరది. అసలు పేరు ఒక్కోసారి ఆవిడకే తట్టేది కాదు. అలాంటి మనిషికి చూపు మసకబారింది. సూదిబెజ్జం సంగతి దేవుడెరుగు, ఎదురుగా నిలబడింది కొడుకో కోడలో తెలియాలన్నా వాళ్ళు నోరు విప్పాలి.

షాపు మూసెయ్యడానికి మనసొప్పక కొడుకు వెళ్ళి మనుషుల నకళ్ళు తయారుచేసే ఆఫీసులో తల్లి పేరు రాయించాడు. వాళ్ళు మూడు రోజులపాటు ఆవిడ తలకు తీగలు చుట్టి, జ్ఞాపకాలన్నీ తోడుకుని, ఒంటి కొలతలు తీసుకుని పంపారు. నెల తిరక్కుండా ఇంకో మిషనమ్మ గుమ్మంలో దిగింది. అదే జుట్టు, అదే దగ్గు, నోరు తెరిస్తే ముందు అదే "ఇదిగో". తేడా అల్లా ఒక్కటే. పందొమ్మిదో ఏట మిషను సూది దిగి మిషనమ్మ చూపుడువేలు వంకరపోయింది. ఆ వంకర ఎందుకులే అనుకున్నారో ఏమో, ఆఫీసువాళ్ళు నకలుకు మాత్రం వేలు నిటారుగా పెట్టి పంపారు.

మొదటి ఆరు నెలలూ మిషనమ్మ దానితో మాట్లాడితే ఒట్టు. "నా బట్టలేసుకుని, నా కుర్చీలో కూర్చుని, నా కస్టమర్ల దగ్గర నా జోకులే వేస్తోందిరా అది!" అని కొడుకును ఆడిపోసుకునేది.

ఒక మధ్యాహ్నం గోడవైపు తిరిగి టీ తాగుతోంది. వెనకాల నకలు సూదిలోకి దారం ఎక్కించుకుంటూ, దారం కొస పెదవి మీద తడిచేసుకుని, "రా తల్లీ, గుమ్మం తీసే ఉంది" అంది తనలో తాను.

మిషనమ్మ చేతిలో గ్లాసు ఆగిపోయింది. అది వాళ్ళమ్మ మాట. తోడబుట్టిన నలుగురూ పోయాక, ఆ మాట విన్న చెవి భూమ్మీద తనదొక్కటే మిగిలిందనుకుంది.

"అమ్మ ఆ మాట ఎప్పుడనేదే?" అంది, పరీక్ష పెట్టినట్టు.

"దారం తెగినప్పుడక్కా. ముడి పడితే మాత్రం తిట్టేది."

"ఏమని?"

"మన నాన్న పేరు పెట్టి."

ఇద్దరూ ఒకేలా పడీపడీ నవ్వారు, ఒకేలా దగ్గారు. ఆ రోజు నుంచి నకలు చెల్లి అయింది. కోడలికి చిన్నత్త అయింది.

ఇలా ఉండగా ఆసుపత్రి కోట్ల గొడవ వచ్చింది. నర్సులు జేబుల్లో కత్తెర్లూ తాళాలూ వేసుకుంటారు. ఆ బరువుకు జేబు మూల చిరిగి, కుట్టిన కోటు నెలకే తిరిగొచ్చేది. చెల్లి నాలుగు రోజులు ఆలోచించి ఒక ఉపాయం పన్నింది. జేబు మూల లోపల చిన్న మూడుమూలల గుడ్డముక్క పెట్టి, ఒకే దారంతో ఐదు కుట్లు, ప్రతి కుట్టూ ముందుదాని కిందనుంచి దూరి వచ్చేలా వేసింది. జేబులో ఏనుగునేసుకున్నా చిరగదని పెద్ద నర్సు కబురు పెట్టింది.

కోడలికి కడుపులో మాట దాగదు. సోమవారం పొద్దున నకళ్ళ ఆఫీసునుంచి ఎవరో ఫోన్ చేసి, ఏడాది తనిఖీకి ఎప్పుడు రమ్మంటారని అడిగితే పొంగిపోయి చెప్పేసింది. "మా చిన్నత్త కొత్త కుట్టు కనిపెట్టిందండీ! మా పెద్దత్తకు కూడా రాదు తెలుసా!"

అవతలి గొంతు పొడిబారింది. "ఆ కోటు ఒకటి మేం తెప్పించుకుంటాం. శుక్రవారం వస్తాం."

కోడలు నవ్వుకుంటూ వచ్చి చెప్పేసరికి, కాగితాల మీద సంతకం పెట్టిన కొడుకు మొహాన నెత్తురు చుక్క లేదు. అసలు మనిషికి రాని పని నకలుకు రాకూడదని ఆ కాగితాల్లో ఉంది. వస్తే అది చెడినట్టే లెక్క. తీసుకుపోయి, తలలో ఉన్నదంతా కడిగేసి, ఇంకెవరి జ్ఞాపకాలో నింపుతారు.

"అయ్యో, నా నోరు పడిపోను!" అని కోడలు చెంపలేసుకుంది.

"నీ నోరు పడిపోతే ఈ ఇంట్లో పొద్దెలా పోతుందే? ఏడుపాపి టీ పెట్టు," అంది మిషనమ్మ. అందిగానీ గుండెల్లో రాయి పడింది. కడిగేస్తే అమ్మ మాట కూడా కొట్టుకుపోతుంది. దీని నవ్వూ పోతుంది.

"ఆ కుట్టు నాకు రాదని చెప్పేస్తానక్కా. పాతపద్ధతిలోనే కుట్టి చూపిస్తా," అంది చెల్లి.

"కోటు వాళ్ళ చేతిలో ఉంటుందే పిచ్చిమొహమా! ఇవాళ సోమవారం. ఇవాళ్టితో కలిపి నాలుగు రోజులు. ఆ కుట్టు నాకు నేర్పు."

"నీకు సూదే కనపడదు కదమ్మా," అన్నాడు కొడుకు.

"వేళ్ళు ఉన్నాయి కదరా. నువ్వెళ్ళి షాపు చూసుకో."

కూర్చున్నారు ఇద్దరూ, మోకాలికి మోకాలు తగిలేలా. మిషనమ్మ వేలితో తడిమి చోటు చూసుకుంటుంది, సూది గుచ్చుతుంది, చెల్లి విప్పేస్తుంది.

"మళ్ళీ."

"బానే ఉంది కదే!"

"బానే ఉంటే చాలదు. మళ్ళీ."

"నా దగ్గర పని నేర్చుకున్న ఆడపిల్లలంతా ఎందుకేడ్చేవాళ్ళో ఇప్పుడు తెలిసిందే తల్లీ," అని మిషనమ్మ నిట్టూర్చింది. గుమ్మం దగ్గర కోడలు, "ఇద్దరత్తలతో నేను వేగడం లేదూ?" అని గొణిగి లోపలికి తప్పుకుంది.

మంగళవారానికి గుడ్డముక్కలతో బుట్ట నిండింది. బుధవారానికి వేళ్ళన్నీ పొడుచుకుపోయి కోడలు పట్టీలు అంటించింది. గురువారం మధ్యాహ్నానికి నాలుగు కుట్లు దారికొచ్చాయి. మూడోదొక్కటే మొండికేసింది. అక్కడ సూదిని కిందనుంచి చూపుడువేలితో తిన్నగా నెట్టాలి. వంకరవేలు నెడితే కుట్టు ఎడమకు ఒరిగేది. ఎన్నిసార్లు కుట్టినా అంతే, బియ్యపుగింజ వెడల్పున. చెల్లి ఆ గుడ్డముక్కను వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. ఈసారి విప్పలేదు. మడిచి తన జేబులో పెట్టుకుంది.

శుక్రవారం పదిగంటలకు తనిఖీ ఆవిడ వచ్చింది. బూడిదరంగు కోటు, చేతిలో సంచి, అనవసరంగా ఒక్క మాట ఉండదు. కుర్చీలు రెండు వీపుకు వీపు ఆనేలా వేయించి, ఇద్దరికీ ఒకే గుడ్డ, ఒకే దారం ఇచ్చి, "మొదలుపెట్టండి" అంది.

మొదటి కుట్టు, రెండోది. మూడోదాని దగ్గర మిషనమ్మ ఊపిరి బిగబట్టి నెట్టింది. గోటితో తడిమి చూసుకుంది. ఒరిగింది. విప్పుదామంటే ఒకే దారం, విప్పితే మొత్తం పోతుంది. ఇంతదాకా వచ్చి వదిలేదా అనుకుని పళ్ళు బిగించి నాలుగోది వేసింది, ఐదోది వేసింది, దారం కొరికింది.

తనిఖీ ఆవిడ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి భూతద్దంలో చూసింది. "రెంటిలోనూ మూడో కుట్టు ఎడమకు ఒరిగింది," అంది. "ఒకే చోట. ఒకే కొలతలో."

గురువారం చెల్లి విప్పకుండా, తిరిగివ్వకుండా ఉంచేసుకున్న గుడ్డముక్క మిషనమ్మకు గుర్తొచ్చింది. నాలుగు రోజులు నాకు కుట్టు నేర్పుతూ, ఇది నా తప్పు నేర్చుకుంది!

తనిఖీ ఆవిడ సంచిలోంచి ఆసుపత్రి కోటు తీసింది. "ఇందులో మాత్రం నిటారుగా ఉంది."

"నిటారో వంకరో, ఆ కుట్టు నాకొచ్చమ్మా," అంది మిషనమ్మ. "మీ కళ్ళముందే కుట్టాను. మళ్ళీ కుట్టమంటే మళ్ళీ కుడతా. సాయంత్రందాకా కుట్టమన్నా ఈ కుర్చీలోంచి లేవను."

తనిఖీ ఆవిడ పట్టీలు చుట్టిన ఆ వేళ్ళకేసి చూసింది. వంకరవేలిని చూసింది. పక్కన చెల్లి నిటారు వేలిని చూసింది.

"మా కాగితంలో ఒక్కటే ప్రశ్నమ్మా. అసలు మనిషికి రాని పని నకలుకు వస్తుందా అని." కలం తీసి "రాదు" అని రాసి, ముద్ర గుద్దింది.

లేచి గుమ్మందాకా పోయి వెనక్కొచ్చింది. తన బూడిదరంగు కోటు విప్పి బల్లమీద పెట్టింది. జేబు మూల చిరిగి వేలాడుతోంది. "తాళాల బరువు. ఎవరు కుట్టినా సరే. మూడో కుట్టు నిటారుగా ఉంటే బావుంటుంది," అని, మొహంలో ఏమీ కనపడనివ్వకుండా వెళ్ళిపోయింది.

కోడలు ఇద్దరత్తలనూ కలిపి కావిలించుకుని ఏడ్చేసింది. మిషనమ్మ ఆమెను విడిపించుకుని, మళ్ళీ గుడ్డముక్కల బుట్ట ముందుకు లాక్కుంది.

"అయిపోయిందిగా, ఇంకేంటక్కా?"

"ఏమైపోయింది? వచ్చే ఏడు మళ్ళీ వస్తారు. నువ్వు ఊరుకునే రకం కాదని నాకు తెలీదూ? నేనైతే ఊరుకుంటానా? నీ బుర్రలో ఇంకేమేం తిరుగుతున్నాయో ఇప్పుడే కక్కు. నేర్చుకోవడానికి నాకు టైం కావాలి."

చెల్లి కాస్త నీళ్ళు నమిలింది. "కాలరు గురించి ఒకటి అనుకుంటున్నా..."

"అనుకున్నా! దారం ఎక్కించు," అంది మిషనమ్మ, కుర్చీ దగ్గరికి జరుపుకుంటూ.