రెండో గ్లాసు

ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో ఇంట్లోనే బీరు తయారుచేసుకునే తెలుగువాళ్ళు నలుగురున్నారు. నెలకో శనివారం ఎవరో ఒకరి గరాజ్‌లో చేరి, ఎవరి సీసాలు వాళ్ళు తెచ్చుకుని, ఎవరి బీరు ఎంత చెడిపోయిందో తీరిగ్గా మాట్లాడుకుంటారు. బీరు తాగడానికి అయితే పబ్బుకే పోవచ్చు. ఇది తప్పులు పట్టడానికి పెట్టుకున్న సభ.

ఆ సభకి ఒకే ఒక నియమం. బాగుందని నోటితో చెప్పకూడదు. మనవాళ్ళకి మొహమాటం జాస్తి, పెళ్ళిలో ఉప్పు లేని పప్పు తిని కూడా అద్భుతం అంటారు, అంచేత నోటిమాట చెల్లదని నలుగురిలో ఒకడైన రామమోహనరావు తేల్చాడు. నచ్చితే ఖాళీ గ్లాసు చాపి రెండోసారి పోయమనాలి. నచ్చకపోతే మిగిలింది సింకులో పోసి తప్పేమిటో చెప్పాలి. అంతే.

చేరి ఏడాది దాటినా రాజారావుని ఇంతవరకూ రెండో గ్లాసు ఎవ్వరూ అడగలేదు.

సిద్దిపేట నుంచి వచ్చి ఇన్సూరెన్స్ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ తప్పులు వెతికే ఉద్యోగం చేసుకుంటున్న మనిషి. ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ ఇట్టే పట్టేస్తాడు, తన బీరులో తప్పు మాత్రం పట్టలేడు. మొదటి బీరు తడిసిన అట్టపెట్టె వాసన వేసింది. రెండోది షెడ్డులో సీసాలకి సీసాలే పేలి, పక్కింటివాళ్ళ చేత పోలీసులకి ఫోన్ చేయించినంత పని చేసింది. మూడోది తాగి సభలో ఇంకొకడు, వెంకటసుబ్బారావు, "ఇది బీరా, బట్టలు జాడించిన నీళ్ళా?" అని అడిగాడు. అప్పుడు రాజారావు నవ్వేశాడు గానీ, కారులో ఇంటికి వస్తూ ప్రతి రౌండబౌట్ దగ్గరా ఆ మాటే తలుచుకున్నాడు.

అప్పటినుంచి ఆయనకి శుభ్రత పిచ్చి పట్టుకుంది. బీరు చెడేది మురికివల్లేనని రామమోహనరావు చెప్పిన ముక్క మంత్రంలా పట్టుకున్నాడు. బకెట్ కడిగేవాడు, కడిగిన చెయ్యి కడిగేవాడు, ఆ చేత్తో ముట్టుకున్న కుళాయిని కడిగేవాడు. మడి కట్టుకున్న ముసలమ్మలు కూడా ఆయన్ని చూస్తే దణ్ణం పెట్టి పక్కకి తప్పుకునేవాళ్ళు.

ఇంట్లో అసలు తగువు ఎయిరింగ్ కబ్బోర్డ్ దగ్గర. మేడమీద, వేడినీళ్ళ ట్యాంకు ఉండే చిన్న అలమర అది. దొరలు దాన్ని బట్టలు ఆరబెట్టుకోవడానికి కట్టారు. జనవరి చలిలో ఇల్లంతా గడ్డకట్టినా అందులో మాత్రం గోరువెచ్చగా ఉంటుంది. బీరు పులియాలంటే ఆ వెచ్చదనం కావాలి. దోశెలపిండి పులియాలన్నా అదే కావాలి. ఈ సంగతి ఆ అలమర కట్టినవాడికి తెలిస్తే రెండు కట్టి ఉండేవాడు.

"గిరిజా, నా బకెట్ ఉన్నన్ని రోజులు దాని తలుపు తెరువకు. గాలి సోకినా ఖరాబైతది," అన్నాడు రాజారావు.

"మరి నా పిండి యాడ పెట్టాలె? నెత్తి మీదనా?" అంది గిరిజ.

ఆమె జీపీ సర్జరీలో, అంటే పేట డాక్టరు క్లినిక్కులో, రిసెప్షన్ చూస్తుంది. అపాయింట్‌మెంట్ లేదంటే అరిచే మనుషులని రోజంతా చల్లబరిచి వచ్చాక, ఇంట్లో ఒక బకెట్‌తో పోట్లాడే ఓపిక ఆమెకి లేదు. భర్త బీరు ఏదైనా ఒక్క గుక్కే తాగుతుంది. "చేదు" అంటుంది, పోతుంది. ఆ ఒక్క మాటకి రాజారావు ఎంత నొచ్చుకుంటాడో ఆమెకి తెలియదు. తెలిసినా చేదుని తీపి అనే రకం కాదు.

ఈసారి సభ రాజారావు ఇంట్లో. ఎవరింట్లో అయితే వాళ్ళ బీరు ఆఖర్న తెరవాలి, తిండి కూడా వాళ్ళే పెట్టాలి. గిరిజ దోశెలు వేస్తానంది.

శనివారం మధ్యాహ్నం గరాజ్‌లో మడతకుర్చీలు పడ్డాయి. మొదట పుష్పలీల సీసా తెరిచింది. నంద్యాల మనిషి, నాటింగ్‌హామ్‌లో చదువు ముగించి ఇక్కడ ల్యాబ్‌లో పనిచేస్తోంది. కాఫీ గింజలు వేసి నల్లబీరు చేసింది.

వెంకటసుబ్బారావు ఒక గుక్క మింగి ఛాతీ పట్టుకున్నాడు. "అమ్మా, ఇది తాగితే వచ్చే మంగళవారం దాకా నిద్ర రాదు."

"నిద్రపోయి నువ్వు చేసేదేముందన్నా? ఆఫీసులో నిద్ర పోతానే ఉండావు కదా," అంది పుష్పలీల. అయినా ఇద్దరు రెండో గ్లాసు అడిగారు. ఆమె గెలిచినట్టే.

తర్వాత వెంకటసుబ్బారావు మామిడిపండు బీరు. డబ్బాలో దొరికే మామిడి గుజ్జు పోశాడట. రామమోహనరావు దాన్ని వెలుతురుకి ఎత్తి చూశాడు, వాసన చూశాడు, నాలుక మీద తిప్పాడు, లేచి సింకులో పోశాడు.

"ఏవండీ వెంకటసుబ్బారావుగారూ, దగ్గుమందుకి మామిడికాయ బొమ్మ అంటించినంత మాత్రాన బీరైపోదండీ."

ఈ రామమోహనరావు గుడివాడ నుంచి వచ్చినవాడు. ఇక్కడ ఒక గోదాము లెక్కలు చూస్తాడు. బీరు విషయంలో ఆయన మాటే వేదం. రాజారావు ఏడాదిగా కాచుక్కూచున్నది ఆయన గ్లాసు కోసమే. మిగతా ఇద్దరూ అడిగినా సంతోషమే. కానీ ఆ చెయ్యి చాపితే గానీ రాజారావు తనని తాను బీరు చేసేవాడినని చెప్పుకోలేడు.

ఆఖరికి రాజారావు వంతు వచ్చింది. గోధుమ బీరు. సీసాలన్నీ ఫ్రిజ్‌లోంచి తెచ్చి, ఒకదాని మూత తీశాడు. అదే సమయానికి గిరిజ దోశెల పళ్ళెంతో వచ్చింది.

పుష్పలీల మొదటి గుక్క తాగి కళ్ళు పెద్దవి చేసింది. మిగిలింది గటగటా తాగి గ్లాసు చాపింది.

"పోయన్నా."

రాజారావు ఆమెని రెండుసార్లు అడిగాడు, నిజంగానేనా అని.

"నిజమేనప్పా! పుల్లగా, నిమ్మకాయ పిండినట్ల ఎంత బాగుండాదో."

బాగుందని నోటితో అనేసింది. నియమం చెడింది. ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే వెంకటసుబ్బారావు అప్పటికే రెండో గ్లాసు కూడా ముగించి, చిన్నప్పుడు మేనమామతో కలిసి తాగిన తాటికల్లు గుర్తొచ్చి కళ్ళు తుడుచుకుంటున్నాడు. రాజారావు ఒళ్ళు తేలికైపోయింది. కానీ చూపు మాత్రం రామమోహనరావు మీదే ఉంది.

ఆయన తొందరపడే మనిషి కాదు. వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. "చివర్లో ఏదో ఉందండీ. తీపి వాసన... మేపుల్ సిరప్ లాంటిది. ఇది మామూలు ఈస్ట్ పని కాదు. ఏం చేశారండీ?"

ఏం చేశాడో రాజారావుకే తెలియదు. తెలియదంటే ఏమైపోయేది? కానీ ఏడాదిపాటు ఆకలిగా ఉన్నవాడికి విస్తరి వేస్తే, ఎవరు వండారని అడుగుతాడా?

"అదీ... బెల్జియంల ఒక పాత పద్ధతి ఉన్నది సార్. నేను దాన్ని జర మార్చిన," అన్నాడు.

"ఏం మార్చారు?"

"అది చెప్తే ఎట్ల సార్? సీక్రెట్," అన్నాడు రాజారావు. ఆ మాట అంటుంటే ఆయన కాళ్ళు నేలమీద లేవు.

వెంకటసుబ్బారావు ఊరుకోలేదు. వచ్చే నెల నాటింగ్‌హామ్‌లో ఇంటి బీర్ల పోటీ ఉందనీ, మన తరఫున రాజారావు బీరే పోవాలనీ, ఇంకో బకెట్ చేసి తెమ్మనీ పట్టుబట్టాడు. పుష్పలీల ఫోన్ తీసి పోటీకి రాజారావు పేరు ఎక్కిస్తానంది. "గిరిజక్కా, నువ్వూ ఒక గుక్క తాగక్కా, అన్న గెలిచినాడు!" అని ఆమె చేతికి గ్లాసు ఇచ్చింది.

గిరిజ అలవాటుగా ఒక్క గుక్క తాగింది. చేదు అనలేదు. గ్లాసుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తర్వాత తేలు కుట్టిన దొంగలా భర్త వైపు చూసింది.

"జర లోపలికి వస్తరా? చట్నీ డబ్బా మూత వస్తలేదు," అంది.

వంటింట్లో చట్నీ డబ్బా మూత తీసే ఉంది.

"అది మేపుల్ కాదు, మెంతులు," అంది గిరిజ నెమ్మదిగా. "అది మన పిండి."

"ఏం పిండి?"

"మా సర్జరీల పనిచేసే హాసిని బర్త్‌డేకి దోశెలు వేసిన గదా. ఇల్లు చల్లగున్నదని రాత్రి గిన్నె తీస్కపోయి అలమర్ల మీది అరల పెట్టిన. పొద్దుగాల చూస్తే పొంగి పొర్లి మీ బకెట్ మీద పడ్డది. మూత మీద తుడిచిన. లోపలికి పోయిందనుకోలే."

రాజారావుకి అప్పుడు గుర్తొచ్చింది. మూతకి బిగించే చిన్న ప్లాస్టిక్ గొట్టం విరిగితే, ఆ చిల్లు మీద పలచటి గుడ్డ ఒకటి వేసి, కొత్తది వచ్చేదాకా చాల్లే అనుకున్నాడు. మడి కట్టుకుని మరీ కడిగిన బకెట్‌లోకి, ఆ గుడ్డలోంచి, రాత్రంతా దోశెలపిండి బొట్టుబొట్టుగా దిగింది.

ముందు కోపం వచ్చింది. "తలుపు తెరువద్దని చెప్పిన్నా లేదా?"

"చెప్పిన్రు. అందుకే నేను చెప్పలే. చెప్తే మూడు రోజులు మాట్లాడకపోదురు."

రాజారావు చట్నీ డబ్బాకి మూత పెట్టి, మళ్ళీ తీశాడు.

"నేను వాళ్ళకి ఏం చెప్ప. మీ ఇష్టం," అంది గిరిజ. "కానీ నాటింగ్‌హామ్ పోయి అందరి ముందల ఏ బెల్జియం అని చెప్తరు? అందుకే చెప్పిన." అని పెనం మీద దోశె తిరగేసుకుంది.

రాజారావు గరాజ్ తలుపు దగ్గర ఆగాడు. లోపల ముగ్గురూ ఆయన గొప్పే మాట్లాడుకుంటున్నారు. చెప్పకపోతే ఇవాళ్టికి ఆయనే రాజు. చెప్తే, మురికి అంటే మండిపడే రామమోహనరావు చేతిలో గ్లాసు నేరుగా సింకులోకే. ఆయనింకా రెండోది అడగనేలేదు. అడిగాక చెప్పొచ్చుగా అని కూడా అనిపించింది. అడిగించుకుని చెప్తే అది మోసం, అడగకముందే చెప్తే అది ఆత్మహత్య. ఏడాది ఆగినవాడు ఇంకో అయిదు నిమిషాలు ఆగలేడా?

కానీ వెనకాల పెనం మీద చుయ్యిమని చప్పుడు వినిపించింది. ఆమె చెప్పనంది. చెప్పనంటే చెప్పదు. ఆ చప్పుడు వింటూ ఆ సీసాలకి తన పేరు పెట్టుకోవడం రాజారావుకి చేతకాలేదు.

"సార్, బెల్జియం లేదు ఏం లేదు," అన్నాడు లోపలికి వచ్చి. "దాంట్ల మా దోశెలపిండి పడ్డది. మీరన్న మేపుల్ మెంతులు. నాకు తెల్వకుంటనే అయింది. ఆ బీరు నాది కాదు, గిరిజది."

వెంకటసుబ్బారావు కొరికిన దోశె నోట్లోనే ఉండిపోయింది. పుష్పలీల గ్లాసులోకి చూసింది, పళ్ళెంలోకి చూసింది, మళ్ళీ గ్లాసులోకి చూసి పకపకా నవ్వింది. "అట్లయితే చట్నీ యాడన్నా?"

రామమోహనరావు మాత్రం నవ్వలేదు. లేచాడు. రాజారావు సింకు వైపున్న కుర్చీని తనే పక్కకి జరిపాడు, దారివ్వడానికి.

ఆయన సింకు వైపు పోలేదు. నిలబడే గ్లాసులో ఉన్నదంతా చివరి బొట్టుదాకా తాగాడు. తాగి, చెయ్యి చాపాడు.

"ఇరవయ్యేళ్ళుగా ఇంట్లో దోశెలు తింటున్నానండీ, ఒక్కసారీ ఈ ఆలోచన రాలేదు. పోయండి."

ఏడాదిగా ఎదురుచూసిన గ్లాసు ఎదురుగా ఉంది. రాజారావు ఆత్రంగా సీసా అందుకున్నాడు. ఆఖరి సీసా. అడుగున ఒక్క గ్లాసుకి సరిపడా మిగిలింది.

అంతలో ఇంకో గ్లాసు పక్కనుంచి ముందుకొచ్చింది. గిరిజ. ఒక చేతిలో అట్లకాడ, ఇంకో చేతిలో పుష్పలీల ఇచ్చిన గ్లాసు. అది ఖాళీగా ఉంది. ఎప్పుడు తాగిందో ఎవరూ చూడలేదు.

"నా పిండి గదా," అంది. "నాకు ఇంకోటి పోస్తరా?"

పెళ్ళయ్యాక ఆయన చేసిన ఏ పదార్థమూ ఆమె రెండోసారి అడగలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమని పెద్దలు ఊరికే అనలేదు. రెండు గ్లాసుల మధ్య సీసా ఒక్క క్షణం ఊగింది.

"సార్, మీకు వచ్చే నెల," అన్నాడు రాజారావు. "అలమర్ల మీది అర ఆమెకే ఇచ్చేసిన. ఇగ రోజూ పిండే."

సీసా వంచి, అడుగున పేరుకున్న మడ్డి కదలకుండా జాగ్రత్తగా, ఉన్నదంతా గిరిజ గ్లాసులో పోశాడు.