ఎవరూ కూర్చోని జంపఖానా

జడము నందున నిలిచిన స్వామి వీవు
మాట నేర్పితి వీ నూలు మడత కిపుడు
కలిసి కూర్చుండు వారిలో కానవచ్చు
శ్రీనివాస! నీ కిదె నాదు చిన్న మ్రొక్కు

నేను ఒక జంపఖానాను. ఒక మఠం వారు నడిపే విశ్వవిద్యాలయంలో, అక్కడి మగ్గాలశాలలో పుట్టాను. నీలి రంగు మీద తెల్లని చారలు నా రూపం. ఆ విద్యాలయానికి ఒక నియమం ఉంది. ప్రజల కష్టాన్ని పరిశోధించేవారు ఆ ప్రజలతో కలిసి ఒకే జంపఖానా మీద కూర్చోవాలి. తెలుసుకున్నది పుస్తకానికి ఎక్కకముందే వారికి చెప్పాలి. అందుకోసమే నన్ను నేశారు. నలుగురూ కూర్చుంటేనే నా పుట్టుకకు సార్థకత.

పరిశోధకురాలు వేదవల్లి నన్ను చంకన పెట్టుకొని, సముద్రపు ఒడ్డున ఉప్పుమళ్ళలో పనిచేసేవారి పల్లెకు వెళ్ళింది. రామమందిరంలో నన్ను పరిచి, దైవప్రార్థన చేసి, అందరినీ కూర్చోబెట్టింది. ఆ పూట నా మీద ఎన్ని మోకాళ్ళు, ఎన్ని నవ్వులు! చెమట వాసనతో, ఉప్పు రవ్వలతో నా ఒళ్ళు నిండిపోయింది. నా జీవితంలో అంతటి పండుగ మరి లేదు.

వారిలో అంకమ్మ అనే పెద్దావిడ ఉంది. ఆమె కళ్ళకు పొర కమ్ముకుంది. పక్కనే కూతురు మస్తానమ్మ.

"నా కళ్ళు ఎట్టాగూ పోయినయ్ తల్లీ," అన్నది అంకమ్మ. "నా బిడ్డక్కూడా ఇదే రాతా? అదొక్కటీ తేల్చి చెప్పు, సాలు."

"తేల్చుకొని వస్తాను పెద్దమ్మా. ఈ జంపఖానా మీ దగ్గరే ఉంచుతున్నాను. దీని మీద కూర్చునే చెబుతాను," అన్నది వేదవల్లి.

ఆమె వెళ్ళిన మర్నాడే నా ఒంటరితనం మొదలైంది. మఠం నుండి వచ్చినదాన్ని కదా! పల్లెవారు నన్ను మడిచి, రాములవారి పాదాల చెంత పీట మీద పెట్టి, పసుపు కుంకుమలు చల్లారు. 'దేవుడి జంపఖానా' అని పేరు పెట్టారు. పొరపాటున కాలు తగిలితే లెంపలు వేసుకున్నారు. భక్తులు నా ముందు నేల మీద కూర్చునేవారు. వారి వేడి నన్ను చేరేది కాదు. మనుష్యులు తమకు పనికివచ్చే వస్తువును దూరం చేసుకోదలిస్తే, దాన్ని పారవేయరు, పూజిస్తారు.

ఏడాది తిరిగాక వేదవల్లి మాట నిలబెట్టుకొని వచ్చింది. నన్ను పరిచి కూర్చుంది. ఎవరూ రాలేదు. దూరంగా చేతులు కట్టుకొని నిలబడ్డారు. నా మీద ఆమె ఒక్కతే, సముద్రంలో తెప్పలా.

"తెల్లని ఉప్పు మీద పడి ఎదురుకొట్టే ఎండే మీ కళ్ళను తినేస్తోంది. ఇది రాత కాదు. నల్లద్దాలు పెట్టుకుంటే మస్తానమ్మ చూపు నిలుస్తుంది. రండి, కూర్చోండి, సందేహాలుంటే అడగండి!" అని బతిమాలింది.

ఒక్కరూ అడగలేదు. పురాణం విన్నట్లు విని దండం పెట్టారు. ఆమె తెచ్చిన నల్లద్దాలను కళ్ళకద్దుకొని, ఆమె బస్సెక్కగానే నన్ను మళ్ళీ మడిచి పీటకెక్కించి, వాటిని నా మీద పేర్చి, గాజుకు బొట్లు పెట్టారు. మస్తానమ్మ ఎప్పటిలాగే వట్టి కళ్ళతో మళ్ళలోకి దిగింది.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం మస్తానమ్మ కళ్ళు నులుముకుంటూ వచ్చి, మందిరం మెట్ల మీద తల్లి పక్కన కూలబడింది.

"అమ్మా, నువ్వు మసకమసగ్గా కనపడతన్నావే."

అంకమ్మ గోడ తడుముకుంటూ లోపలికి వచ్చింది. నా మీది అద్దాలను పక్కన పెట్టి, పీట మీది నన్ను లాగి నేల మీద పరిచి, బాసింపట్టు వేసుకొని కూర్చుంది. ఎంతకాలానికి, ఒక మనిషి బరువు!

"ఓయమ్మో! దేవుడి జంపఖానా మీద కూకున్నావేందే?" అరిచింది కూతురు.

"కూకోడానికేనే నేసింది. పాపమొత్తే నాకే రానీ. ఇట్టా రా."

అద్దాల మీది కుంకుమను చెంగుతో తుడిచి, తడుముతూ బిడ్డ ముక్కు మీద నిలిపింది. "ఇప్పుడు దిగు మళ్ళోకి. తీశావంటే కాళ్ళిరగ్గొడతా."

ఆ అరుపుకు వచ్చి తలుపు దగ్గర నిలిచి చూసిన పల్లెవారు ఒక్కొక్కరే అద్దాలు తీసుకున్నారు. ఎవరి మీదా పిడుగు పడలేదు. నేను మాత్రం అంకమ్మ వెంట మళ్ళ గట్టున ఉన్న పాకకు చేరాను.

ఇప్పుడు నా అంచులు ఉప్పుకు చివికాయి. అంకమ్మ కాలం చేసింది. వేదవల్లి మళ్ళీ రాలేదు. ఆ మధ్యాహ్నం సంగతి ఆమెకు చెప్పేవారు లేరు, నాకా నోరు లేదు. పగలంతా నా మీద ఎవరూ ఉండరు. గాలి, ఇసుక, దూరాన అలల హోరు. మిట్టమధ్యాహ్నం మాత్రం మస్తానమ్మ వచ్చి కూర్చొని, నల్లద్దాలు తీసి, నా చిరుగుల్లో సూది గుచ్చి కుట్టుకుంటుంది. దారం ఎక్కించడానికి ఎవరినీ పిలవదు.

ఈ కథ విన్నవారందరి కన్నులు చల్లగా ఉండుగాక! వారి పక్కన వచ్చి కూర్చునే మనిషి వారికి ఎన్నడూ కరవు కాకుండుగాక!