గాజు దొరికే చరణం

భవానీపురంలో వెంకటసుబ్బారావుగారింట్లో పొద్దున్న పూట అన్నీ ఒకే వరసలో జరుగుతాయి. పాల పాకెట్లు వస్తాయి, డికాక్షన్ దిగుతుంది, సుబ్బారావుగారు హాల్లో గోడవారన కుర్చీ వేసుకుని పేపరు తీస్తారు. చక్కటి బాల్కనీ ఉంది, దాంట్లోంచి చూస్తే కృష్ణానది కనిపిస్తుంది, కానీ ఆ ఇల్లు రెండో అంతస్తు. ఆయనకి ఎత్తంటే భయం. ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు నడిపే మనిషి, క్లచ్ ప్లేట్ల డబ్బాని ఒంటి చేత్తో ఎత్తే మనిషి, నది మీద బ్యారేజీ రాగానే స్టీరింగ్ కూతురికిచ్చి కళ్ళు మూసుకుంటారు. ఎవరికుండే భయం వాళ్ళకుంటుంది, నవ్వకండి.

ఆయన భార్య రావమ్మగారి వంటింట్లో ప్రతి మూత మీదా ఓ బరువుంటుంది. కూర గిన్నె మీద పొత్రం, పెరుగు మీద అప్పడాల పీట. ఆవిడ పనిలో పడి కూనిరాగం తీస్తే మూతలు లేచిపోతాయి మరి. ఆ ఇంట్లో అది వింతేం కాదు. కొందరి చేతికి ఆవకాయ కుదురుతుంది, కొందరు నాటితే తులసి బతుకుతుంది, ఈవిడ పాడితే వస్తువులు పైకి లేస్తాయి. మొదటి చరణానికి చెంచాలూ గ్లాసులూ, రెండో చరణానికి కుర్చీలూ మనుషులూ, ఆవిడ మాత్రం నేల మీదే. చిక్కల్లా ఆపినప్పుడే. పాట ఆగిందంటే లేచినవన్నీ ధబ్బున కింద పడతాయి.

ఆవిడ పాడేది ఒక్కటే పాట. దివిసీమలో నాట్లేసేటప్పుడు వాళ్ళమ్మ పాడేది. "ఆగవే కాలవా ఆగవే, అమ్మ చేతి గాజు జారెనే" అని మొదలవుతుంది. మొదటి చరణంలో కాలవ ఆగదు. రెండో చరణంలో చేపల్నీ పీతల్నీ అడుగుతారు, అవీ చూడలేదంటాయి. మూడో చరణంలో గాజు దొరుకుతుంది. ఆ మూడో చరణం రావమ్మగారు నోరు తెరిచి ఎన్నడూ పాడలేదు. ఎప్పుడు పాడినా రెండో చరణం సగంలోనే "ఆపు, ఆపు!" అని ఎవరో ఒకరు అరిచేవాళ్ళు.

మొదటి పెళ్ళిచూపుల్లో అయితే పెద్ద యాగీ అయింది. "అమ్మాయి పాట పాడుతుందా?" అని వాళ్ళే అడిగారు. పాడింది. కాబోయే మామగారు కాఫీ కప్పుతో, కుర్చీతో సహా దూలం దాకా వెళ్ళారు. అందరూ ఆపమన్నారని పాపం పిల్ల ఆపింది. ఆ సంబంధం తప్పిపోయింది, పైకి లేపినందుకు కాదు, కింద పడేసినందుకు. తరవాత వచ్చిన సుబ్బారావుగారు ఆ సంగతి విన్నారు. "అమ్మాయి నాకు నచ్చిందండీ, పాట మాత్రం వద్దు" అన్నారు. మంచి మనిషి, పెళ్ళయ్యాక ఒక్కనాడు గొంతు పెంచలేదు. తెలీకుండా వచ్చే కూనిరాగం తప్ప ఆవిడా మాట తప్పలేదు.

ఇన్నాళ్ళకి ఆ గొంతుకే వచ్చింది కష్టం. మెడలో గడ్డ తేలింది. బుధవారం ఆపరేషన్. "ప్రాణానికేం భయం లేదమ్మా. గొంతు మాత్రం మారొచ్చు, పాడే అలవాటుందా?" అని డాక్టరుగారు అడిగారు. లేదండి అంది రావమ్మగారు. అని, ఇంటికొచ్చి బాత్రూంలో కుళాయి తిప్పుకుని, కూనిరాగం తీస్తూ ఏడ్చింది. చచ్చేలోపల గాజు దొరికేదాకా ఒక్కసారి పాడదామనుకుంది, ఇక అదీ లేదు.

కూతురు భానుశ్రీకి తెలిసిపోయింది. బకెట్టూ చెంబూ బాత్రూం తలుపు పైన సందులోంచి కనిపిస్తుంటే తెలీదూ! పగలు బ్యాంకులో ఉద్యోగం, సాయంత్రమైతే పాత పాటలకి డ్రమ్సూ బేసూ వేసి స్నేహితుల పెళ్ళిళ్ళకి రీమిక్సులు చేసి పెట్టడం, అదీ ఆ అమ్మాయి పని. గది నిండా వైర్లే. నాన్న షాపు పక్కన కార్లకి స్పీకర్లు బిగించే జయపాల్ దగ్గర కొన్న బేస్ బాక్సొకటి బీరువా పక్కన బీరువాలా ఉంటుంది.

"నీ పాట రికార్డు చేస్తానమ్మా. మొత్తం" అంది.

"నీ మైకే స్లాబుకి వెళ్ళి తగులుకుంటుంది, ఊరుకోవే."

తగులుకుంది కూడా. మొదటిరోజు మైకు లేచింది, వెనకాలే లాప్‌టాప్ లేచింది. భయపడి రావమ్మగారు ఆపితే, భానుశ్రీ దాన్ని మంచం మీద పడేలా దిండు అడ్డం పెట్టి కాపాడుకుంది.

మర్నాడు ఆ అమ్మాయి ఊరికే బీటు వాయించుకుంటూ కూచుంది. ఎప్పుడో ఎనభైల్లో వచ్చిన డ్రమ్ మెషీను శబ్దాలవి, ఎయిట్ ఓ ఎయిట్ అంటారు. దాని కిక్కు, అంటే లావుపాటి డ్రమ్ము దెబ్బ, చెవికి వినపడే ముందే అరికాళ్ళకి తెలుస్తుంది. వంటింట్లోంచి అట్లకాడ పట్టుకుని వచ్చిన రావమ్మగారు తెలీకుండానే కూనిరాగం తీసింది. బల్ల మీది గ్లాసు లేచింది. ధమ్మని కిక్కు పడింది. గ్లాసు బుద్ధిగా దిగి కూచుంది.

తల్లీ కూతుళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మళ్ళీ పాడు" అంది భానుశ్రీ.

అప్పణ్ణించి సాయంత్రాలన్నీ అదే పని. "నువ్వు బీటు కన్నా ముందెళ్ళిపోతున్నావమ్మా."

"నాట్లేసేటప్పుడు బీటెవరు కొట్టారే? బురదలోంచి కాలు ఊడొచ్చినప్పుడు పదం వస్తుంది."

భానుశ్రీ కిక్కుల్ని దూరం దూరం జరిపింది. బురదలో కాలు దిగిన చోట బేసు, ఊడొచ్చిన చోట చప్పట్లు. కుదిరింది. ఈ ధమ్ ధమ్ లన్నీ హాల్లో సుబ్బారావుగారికి వినబడుతూనే ఉన్నాయి. ఆయన టీవీ సౌండు తగ్గించుకున్నారు.

ఆదివారం మధ్యాహ్నం రికార్డింగు పెట్టుకున్నారు. "మీరు కాసేపు కిందకెళ్ళి కూచోండి" అంది రావమ్మగారు భర్తతో.

"నేనెక్కడికీ పోను" అన్నారాయన. బుధవారం దగ్గరపడుతుంటే ఆవిణ్ణి విడిచి ఉండబుద్ధి కావడం లేదు ఆయనకి. కుర్చీ తెచ్చుకుని గదిలో ఓ మూల వేసుకుని, రెండు చేతులతో కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూచున్నారు. "కానివ్వండి."

భానుశ్రీ బీటు పెట్టింది. రావమ్మగారు అందుకుంది. మొదటి చరణానికి పెన్నులు లేవబోయి, కిక్కు పడగానే ఊరుకున్నాయి. రెండో చరణంలో సుబ్బారావుగారి కుర్చీ కాస్త కదిలి, మళ్ళీ కుదురుకుంది. ఆవిడ గొంతు తెరుచుకుంటోంది. మెడలో గడ్డ సంగతే మర్చిపోయింది.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

ఇబ్రహీంపట్నంలో అంత పెద్ద కరెంటు ఫ్యాక్టరీ పెట్టుకుని, పక్కనే ఉన్న భవానీపురానికి ఆదివారం మధ్యాహ్నం కరెంటు తీస్తారు, ఏం చెప్పను! బేస్ బాక్సు మూగబోయింది. లాప్‌టాప్ మాత్రం గాల్లోకి లేచి కూడా బ్యాటరీ మీద రికార్డు చేసుకుపోతోంది. సుబ్బారావుగారు కుర్చీతో సహా లేచారు. కుర్చీ పక్కకి ఒరిగి ఆయన్ని వదిలేసింది. ఆయన ఆగిపోయిన ఫ్యాను ఎత్తున, మూల గోడ పక్కనే, స్లాబుకి వీపానించి, కిందకి చూస్తూ నిలిచిపోయారు. భానుశ్రీ కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతోంది.

రావమ్మగారు తలెత్తి చూసింది. ఆపుదామని అలవాటుగా నోరు మూయబోయింది.

"ఆపకు!" అని అరిచారు పైనించి. "రావమ్మా, ఆపావంటే నేను చచ్చానే!"

పెళ్ళయినప్పణ్ణించీ పాడొద్దన్న మనిషి! ఆవిడకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండిటి మధ్యనించీ మూడో చరణం వచ్చింది. కాలవ ఆగింది. ఆగి, తన నీళ్ళు తనే తోడిపోసుకుని, అడుగున మెరిసే గాజు తీసి అమ్మ చేతికి తొడిగింది. వాళ్ళమ్మ పోయాక ఆ ముక్క ఈ లోకంలో ఎవరూ పైకి పాడలేదు.

పాట చివరికొచ్చింది, ఆయన మాత్రం ఇంకా పైనే ఉన్నారు. రాగం తెగనీకుండా మళ్ళీ మొదటికొచ్చింది ఆవిడ.

"నాన్నా, బీటు కొట్టు! గోడ మీద కొట్టు!" అంది భానుశ్రీ.

"నాకేం వచ్చే!"

"ఇన్ని సాయంత్రాలు విన్నావుగా, కొట్టు నాన్నా!"

సుబ్బారావుగారు కళ్ళు మూసుకుని, ఇంత అరచెయ్యి తీసి గోడ మీద ఒక్కటి చరిచారు. ధమ్. జానెడు దిగారు. మళ్ళీ చరిచారు. కాలు దిగిన చోట ధమ్, ఊడొచ్చిన చోట చిన్న దెబ్బ. అచ్చు అలాగే పడుతోంది! దెబ్బకో జానెడు చొప్పున, గోడని ఆనుకుని దిగొచ్చి, నేల మీద కాళ్ళు పెట్టారు. కుర్చీ దిగింది, లాప్‌టాప్ దిగింది, కూతురు దిగింది.

ఇక ఆపనా అన్నట్టు చూసింది రావమ్మగారు. ఆయన చెయ్యి గోడ మీద ఆగలేదు.

"ఆ గాజు దొరికే ముక్క ఇంకోసారి పాడవే" అన్నారు.

రీమిక్సులో భానుశ్రీ మెషీను చప్పట్లు తీసేసి నాన్న అరచెయ్యి పెట్టింది. ఆపరేషన్ థియేటర్ బయట ఆయన అదే వింటూ కూచున్నారు, ఫోను చెవికి ఆనించుకుని. ఫోనులో పాటకి ఏమీ లేవదు, ఏం భయం లేదు.

గొంతు వాడొద్దన్న రోజులన్నీ రావమ్మగారు సైగలతో గడిపింది. వంటింట్లో మూతల మీద బరువులు సుబ్బారావుగారే తీసేద్దామన్నారు. ఆవిడ వద్దని చెయ్యూపింది. ఆశ అంత తొందరగా పోతుందా!

డాక్టరుగారు సరేనన్నాక ఒక పొద్దున్న, కాఫీల వేళ, ఆవిడ మెల్లిగా గొంతు సవరించుకుంది. వచ్చింది గాని తన గొంతులా లేదు. లావుగా, బొంగురుగా, అడుగునెక్కడో తిరుగుతోంది. "ఆగవే కాలవా..." బల్ల మీద కాఫీ గ్లాసు ఉన్నచోటే ఉంది. చెంచా కూడా కదల్లేదు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

సుబ్బారావుగారు పేపరు పక్కన పెట్టారు. గ్లాసు చేత్తో పట్టుకుని జానెడు పైకెత్తి, అలాగే పట్టుకున్నారు.

"పాడు" అన్నారు.

ఆవిడ పాడింది. కాలవ ఆగలేదు, చేపలు చూడలేదన్నాయి. ఆయన చెయ్యి లాగుతోంది, దించలేదు. గాజు దొరికే దగ్గరికి వచ్చేసరికి ఇక పట్టలేక, చెయ్యి మార్చుకుందామని ఒక్క క్షణం వదిలారు.

గ్లాసు అక్కడే ఉంది.

ఇద్దరూ చూశారు. ఆవిడ పాట ఆపలేదు. ఆయన కూచున్న కుర్చీ నేల వదిలి వేలెడు ఎత్తు లేచింది, ఆయన చేతులు రెండూ ఒళ్ళోనే పెట్టుకున్నారు.