రైలుకు వీపు తిప్పినవాడు

హిలాల్ ఉద్యోగమే ప్లాన్లు వేయడం. ఎడారి నడిమధ్య గ్యాసు తీసే చోట ఏడాదికోసారి యంత్రాలన్నీ ఆపి బాగు చేస్తారు. ఏ రోజు ఏ గొట్టం విప్పాలి, ఎవరు ముందు, ఎవరు వెనక, మధ్యలో టీ ఎప్పుడు, అంతా కాగితం మీద పెట్టేది అతనే. హిలాల్ కాగితం తప్పదని అక్కడ పేరు. ఆ పేరు చూసుకుని అతనికి కాస్త మిడిసిపాటు కూడా ఉండేది. ఉండనివ్వండి, మంచివాడే.

అలాంటివాడికి నాలుగేళ్ళ కూతురు లొంగలేదు.

పధ్నాలుగు రోజులు ఎడారిలో, పధ్నాలుగు రోజులు బర్కా ఊళ్ళో ఇంటి దగ్గర, అదీ అతని బతుకు. వచ్చిన ప్రతిసారీ మైసా మొదటి నాలుగు రోజులు అమ్మమ్మ గౌను వెనకే ఉండేది. తర్వాత నాలుగు రోజులు ఒక కన్ను బయటపెట్టి చూసేది. ఆ పిల్లకు చనువు వచ్చేసరికి ఇతను బ్యాగు సర్దుకునేవాడు. అమ్మమ్మ పిలుస్తుంది కాబట్టి తండ్రిని అదీ 'హిలాల్' అనే పిలిచేది, అది కూడా అతనితో కాదు, అతని గురించి. "హిలాల్ వెళ్ళిపోయాడా?" అని అడిగి, వెళ్ళాడంటే హాయిగా ఆడుకునేది. కొడుకు ఐహమ్‌తో ఈ బాధ లేదు. ఆరేళ్ళ వాడు, బంతి తన్నేవాడెవడైనా వాడికి చుట్టమే.

ఇప్పుడు మూడోవాడు పుట్టాడు. భార్య రయ్యా పుట్టింట్లో నలభై రోజుల పురిట్లో ఉంది, పిల్లలూ అక్కడే. మైసాకి తల్లి పక్క కూడా పోయింది. ఓ మధ్యాహ్నం పసివాడికి పాలిస్తూ రయ్యా అంది:

"దాన్ని చూస్తే కడుపు తరుక్కుపోతోంది హిలాల్. గుమ్మం దగ్గర నిలబడి మా ఇద్దర్నీ చూసి వెళ్ళిపోతోంది. ఇప్పుడు దానికంటూ ఓ మనిషి కావాలి. ఆ మనిషివి నువ్వు కావచ్చుగా?"

ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. ఎడారికి తిరిగి వెళ్ళడానికి ఆరు రోజులే ఉంది. ఈలోగా పిల్ల ఒక్కసారైనా తనంతట తాను తన చెయ్యి పట్టుకోవాలి. అందుకే పార్కు ఆలోచన వచ్చింది. పెద్ద రోడ్డు పక్కన కొత్తగా పెట్టారు, రంగులరాట్నాలూ ఊగే ఓడలూ పిల్లల రైలూ అన్నీ ఉన్నాయట. ఇద్దరు పిల్లలూ అలాంటిది చూడలేదు.

ఇక చూడండి అతని ప్లాను. తలుపు చెక్కకు పిల్లల్ని ఆనించి పెన్సిలుతో గీతలు పెట్టాడు. ఐహమ్ నూట పన్నెండు సెంటీమీటర్లు, మైసా తొంభై ఏడు. పార్కుకి ఫోను చేసి ఏ ఆటకు ఎంత ఎత్తుండాలో రాసుకున్నాడు. ఊగే ఓడకి మైసా మూడు అంగుళాలు కాదు, మూడే మూడు సెంటీమీటర్లు తక్కువ. కాబట్టి ఓడ కొట్టేశాడు, కొడుకు ఏడిస్తే ఇవ్వడానికి హల్వా అని పక్కన రాశాడు. మరుగుదొడ్లు ఎక్కడ, నీడ ఎక్కడ, నమాజు గది ఎక్కడ, పిల్ల తప్పిపోతే ఏ బల్ల దగ్గరికి వెళ్ళాలి? మొదట రైలు, ఎందుకంటే రైలుకి భయపడదని రయ్యా చెప్పింది. రైలు తర్వాత తినడానికి సంబూసాలు. నిండు కడుపుతో రాట్నం ఎక్కకూడదు కాబట్టి సంబూసాల తర్వాత అరగంట బాతుల దగ్గర. ఇంట్లో వరసలో నిలబడడం కూడా నేర్పాడు. దిండ్లన్నీ వరసగా పేర్చి రైలు చేసి, ఐహమ్‌ని టికెట్లు చింపమన్నాడు. మైసా మాత్రం అమ్మమ్మ వెనకనుంచి చూసింది తప్ప ఎక్కలేదు.

ఆ అమ్మమ్మ మౌజా, హిలాల్‌కి అత్తగారే కాదు, స్వయానా మేనత్త. అందుచేత మర్యాదలేం లేవు.

"దిండు మీద కూర్చోవడానికి టికెట్టేంట్రా? ఎడారి ఎండకి నీకు మతి చలించింది," అంది.

"నేర్పిస్తున్నానత్తా. రేపు నిజంగా వెళ్ళినప్పుడు..."

"నోర్ముయ్!" మౌజా గబుక్కున రెండు చేతులూ ఊపింది. "జరగబోయే మంచి నోట్లోనే ఉండాలి. రోజు చెప్పావంటే ఎవడి కన్నో పడుతుంది. నీ పెళ్ళి రోజు కూడా మూడు రోజుల ముందు దాకా ఎవరికీ చెప్పలేదు నేను."

అది ఆ ఇంటి ధర్మం. దిష్టికి భయపడి ప్రయాణం చెప్పరు, బేరం చెప్పరు, కడుపుతో ఉంటే అయిదో నెల దాకా చెప్పరు. హిలాల్ చదువుకున్నవాడే అయినా ఆ మాట దాటడు. పార్కు సంగతి ఇంట్లో తెలుసు గానీ, వెళ్ళే రోజు అత్తకీ చెప్పలేదు, పెళ్ళానికీ చెప్పలేదు. గురువారం నుంచి శనివారం దాకా జనం. ఆదివారం పసివాడికి టీకా. మంగళవారం తెల్లవారుజామున తన బస్సు. మిగిలింది సోమవారం. కాగితం మీద సోమవారం చుట్టూ సున్నా చుట్టి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సోమవారం మధ్యాహ్నం కారు దగ్గరికి వచ్చేసరికే కాగితం ఒక చోట తప్పింది. అత్తను తీసుకెళ్ళకూడదని అతని అసలు ప్లాను, ఆమె ఉంటే మైసా గౌను వదలదు. కానీ మైసా కారెక్కలేదు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని గుమ్మంలో కూర్చుంది.

"అమ్మమ్మ రాకపోతే నేనూ రాను."

"నేనెక్కడికే, మోకాళ్ళు లేని ముసలిదాన్ని!" అంటూనే మౌజా కహ్వా కాఫీ ఫ్లాస్కూ ఖర్జూరం డబ్బా పట్టుకొచ్చింది, పిల్లల చుట్టూ సాంబ్రాణి పొగ తిప్పింది, ముందు సీట్లో కూర్చుంది. ఎక్కడికని అడగలేదు. అడగడం ఆమె ధర్మానికే విరుద్ధం.

పార్కు గేటు దగ్గర ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా వెళ్తున్నారు. జనం తక్కువుంటారనుకున్నానే అని హిలాల్ అనుకున్నాడు గానీ, అందరూ ఆడవాళ్ళే ఎందుకున్నారన్నది అతని బుర్రకు తట్టలేదు. గేటు పక్కన మనిషి ఎత్తు బోర్డు ఉంది. ఐహమ్‌కి ఈ ఏడే చదవడం వచ్చింది, కనబడిన అక్షరమల్లా చదవందే ఊరుకోడు.

"సో...మ...వారం. ఆడ...వాళ్ళకు, పిల్లలకు మాత్రమే. నాన్నా, నువ్వు పిల్లాడివా?"

హిలాల్ బోర్డు చూశాడు. మళ్ళీ చూశాడు. గేటు దగ్గర కాపలా ఉన్నావిడ నల్లటి అబాయా అంగీ మీద బిళ్ళ సర్దుకుంటూ వచ్చింది.

"తప్పుగా అనుకోకు అన్నా. ఇవాళ మగవాళ్ళను పంపం. రేపు రండి, రేపు కుటుంబాలతో రావచ్చు."

"రేపు నేను ఎడారిలో ఉంటానమ్మా. ఫోను చేసి అన్నీ అడిగాను. ఎత్తులు అడిగాను, నీడ అడిగాను..."

"సోమవారం సంగతి అడిగావా?"

అడగలేదు. బర్కాలో ఏ చిన్నపిల్లల తల్లిని అడిగినా చెప్పేది. ఫోను చేస్తే రయ్యా పడీ పడీ నవ్వింది. "ఒక్క మాట నాతో అనుంటే చెప్పేదాన్నిగా," అంది.

మౌజా అయితే కారులోంచే కేకేసింది. "ఎవరికీ చెప్పొద్దన్నాను గానీ నాకు చెప్పొద్దన్నానట్రా?"

"నీకు తెలుసా అత్తా, సోమవారం సంగతి?"

"నాకెలా తెలుస్తుంది? నేనేమన్నా ఉయ్యాలలూగడానికి వస్తున్నానా?"

పిల్లలిద్దరూ అతని మొహం వైపు చూస్తున్నారు. లోపలినుంచి రైలు గంట వినపడుతోంది. పార్కు మూసేశారట, వచ్చేసారి వద్దాం అనేస్తే అయిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. తను లేకుండా వాళ్ళు లోపలికెళితే ఇన్ని రోజుల ఆశా అంతే. పిల్ల అమ్మమ్మ గౌను పట్టుకునే వెళ్తుంది, అమ్మమ్మ గౌను పట్టుకునే వస్తుంది. రేపటి బస్సులో తను ఉత్త చేతులతో వెళ్తాడు.

మైసా చెప్పులు వేసుకుంది. ఎవరూ చెప్పకుండానే వేసుకుంది, అదీ ఎడమది కుడికి, కుడిది ఎడమకి. అది చూశాక అతని నోరు అబద్ధమాడలేకపోయింది.

"అత్తా, నువ్వు తీసుకెళ్ళు."

"నేనా! ఒరే, రాట్నం చూస్తేనే నాకు కళ్ళు తిరుగుతాయి."

"నువ్వేం ఎక్కక్కర్లేదు. అంతా ఇందులో ఉంది, వీడు చదువుతాడు." కాగితం ఐహమ్ చేతిలో పెట్టాడు. వంగి మైసా చెప్పులు సరిచేశాడు. పిల్ల కాళ్ళు ఇచ్చింది గానీ చెయ్యి అమ్మమ్మ దగ్గరే ఉంచింది. ముగ్గురూ లోపలికెళ్ళారు. గేటు బయట మిగిలిపోయి హిలాల్ కారుకి ఆనుకున్నాడు. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు పాపం.

పావుగంటకి ఫోను మోగింది.

"ఒరే, ఇది రైలెక్కనంటోంది," మౌజా రొప్పుతోంది. "వీడు ముందు పెట్టెలో డ్రైవర్లా కూర్చున్నాడు. దీనికి పక్కన మనిషి కావాలట. ఆ పెట్టెలో నా మోకాలు ఒక్కటి కూడా పట్టదు. హిలాల్‌ని రమ్మను అని ఒకటే పేచీ."

"ఎవర్ని?"

"నిన్నేరా! నీ పేరు మర్చిపోయావా?"

హిలాల్ ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాడు. తర్వాత అతని బుర్ర పనిచేసింది. పార్కు పటం అతనికి కంఠతా వచ్చు. "అత్తా, ఆ రైలు పడమటి కంచె పక్కనుంచే తిరుగుతుంది. నేను కంచె అవతల ఉంటానని చెప్పు. ఎక్కమను."

కారు తలుపు కూడా వేయకుండా పరిగెత్తాడు. కంచె ఇనప ఊచలది, తీగలు అల్లుకుని మధ్యమధ్య సందులున్నాయి. ఒక సందు దగ్గర నిలబడి లోపలికి తొంగిచూశాడో లేదో, వెనకనుంచి ఈల వినపడింది.

"ఏయ్! ఆడవాళ్ళ రోజున కంచె దగ్గరేం పని నీకు? సిగ్గులేదూ?" నెరిసిన గడ్డం కాపలాదారు కర్ర ఊపుతూ వచ్చాడు.

హిలాల్‌కి చెవులు కాలిపోయాయి. ముప్పై అయిదేళ్ళ బతుకులో అలాంటి మాట పడలేదు. "మా అమ్మాయి రైల్లో ఉంది బాబాయ్. నాలుగేళ్ళది. నేను ఇక్కడుంటానంటేనే ఎక్కింది. రేపు వెళ్ళిపోవాలి నేను," అని గుక్కతిప్పుకోకుండా చెప్పాడు.

ముసలాయన అతన్ని పైనుంచి కిందికి చూశాడు. "నీ పిల్ల ఒక్కతే కాదుగా, మా ఊరి ఆడవాళ్ళంతా ఉన్నారు లోపల. ఉంటే ఉండు. అటు తిరిగి నిలబడు."

న్యాయమే కదా. హిలాల్ కంచెకు వీపు తిప్పి నిలబడ్డాడు. ఎదురుగా ఖాళీ నేల, దూరంగా రోడ్డు. పక్కనే ముసలాయన తనూ అటే తిరిగి నిలబడ్డాడు.

గంట మోగుతూ రైలు వచ్చింది. చక్రాల చప్పుడు వీపు మీదికి వచ్చినట్టయింది.

"హిలాల్!"

ఆ గొంతు తన పేరు పెట్టి తనను పిలవడం అదే మొదటిసారి. మెడ దానంతటదే తిరగబోయింది. ముసలాయన గొంతు సవరించుకున్నాడు. హిలాల్ తిరగలేదు. చెయ్యి ఒక్కటే బాగా పైకెత్తి ఊపాడు.

రెండో చుట్టు. "హిలాల్!" చెయ్యెత్తాడు. మూడో చుట్టులో ఐహమ్ కూడా "నాన్నా, నేనే నడుపుతున్నా!" అని అరిచాడు. నాలుగో చుట్టుకి చక్రాలు వెళ్ళిపోయాయి గానీ పిలుపు రాలేదు. అయిదో చుట్టుకీ రాలేదు. ఎండలో ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. భయపడిందేమో, విసుగెత్తిందేమో, లేక తనను మర్చిపోయిందేమో. తిరిగి చూస్తే ఒక్క చూపులో తెలిసిపోతుంది, చూడడానికి మాత్రం వీల్లేదు.

"ఆడపిల్లలంతే నాయనా. చెయ్యి దించు, నొప్పెడుతుంది," అన్నాడు ముసలాయన.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు బాంగు ఇచ్చే వేళకు ముగ్గురూ గేటు బయటికొచ్చారు. ఐహమ్ మూతి నిండా హల్వా, చేతిలో నాలుగు ముక్కలైన కాగితం. మౌజా అబాయా అంచుకి బాతుల మడుగు బురద. మైసా అందరికన్నా వెనక వస్తోంది. హిలాల్ ఎదురెళ్ళి వంగి చేతులు చాపాడు. ఆ పిల్ల అతన్ని చూసి, మూతి ముడిచి, పక్కనుంచి వెళ్ళి కారు చక్రం దగ్గర నిలబడింది.

"ఏమైందత్తా? భయపడిందా?"

"భయమా! నీ కోసమని పక్క సీట్లో చెప్పులు పెట్టుకుని, ఒకావిడ కూర్చోబోతే కొట్టినంత పని చేసింది. 'ఇది హిలాల్‌ది' అంట. ఆవిడ నన్ను తిట్టిపోసింది. నువ్వేమో మొహం చూపించలేదట. పిలిచి పిలిచి అలిగింది, ఇంక పిలవనంది."

ఇన్నేళ్ళలో మైసా అతన్ని చూసి దాక్కుంది, ఏడ్చింది, ఊరుకుంది. ఒక్కనాడూ అలగలేదు. అలగాలంటే ఆ మనిషి తనవాడై ఉండాలి కదా. హిలాల్ నేలమీద గొంతుక్కూర్చున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే తుడుచుకోలేదు.

"మైసా, అక్కడ మగవాళ్ళు చూడకూడదమ్మా. అందుకే తిరగలేదు. నువ్వు పిలిచిన ప్రతిసారీ విన్నాను. చెయ్యెత్తాను, చూశావుగా?"

పిల్ల ఆలోచించింది. తర్వాత గిరుక్కున తిరిగి, అతనికి వీపు పెట్టి, కారుకి ముక్కు ఆనించి నిలబడింది.

"ఇప్పుడు నువ్వు పిలు," అంది. "నేను తిరగను."

"మైసా!"

వేలెడంత చెయ్యి పైకి లేచింది.

"మైసా!"

చెయ్యి మళ్ళీ లేచింది.

"నమాజు వేళవుతోంది, పదండ్రా," అంది మౌజా, అని తనే కారు మెట్టు మీద కూర్చుని కహ్వా పోసుకుంది. హిలాల్ పిలుస్తూనే ఉన్నాడు.