శౌఖా కనుమలో బిగుతు టైరు

మా ద్వీపం మొత్తం సైకిల్ మీద చుట్టి రావాలని మా అన్నయ్య ఖైబెంగ్ రెండేళ్లుగా అంటూనే ఉన్నాడు. ఈ అక్టోబరులో నన్నూ బయల్దేరదీశాడు. ముందురోజు తన సైకిలుకు కొత్త టైర్లు వేయించాడు. మేకు దిగినా పంచరు కావని దుకాణంవాడు చెప్పాడట. నాలుగో రోజు శౌఖా కనుమ ఎక్కుతుండగా, ఇంకా మూడు మలుపులు ఉన్నాయనగా, వెనక చక్రంలో గాలి పోయింది. గుచ్చుకున్నది మేకు కూడా కాదు, సన్నని తీగముక్క.

టైరు ఊడదీయడానికే ఇరవై నిమిషాలు పట్టింది. తిరిగి ఎక్కించబోతే ముప్పావు వంతు బుద్ధిగా లోపలికి వెళ్లి, చివరి జానెడు అంచు మాత్రం రిమ్ము దాటనని మొండికేసింది. అన్నయ్య సిమెంటు గోదాములో బస్తాలు మోసే మనిషి, బలానికి లోటు లేదు. ఆ బలానికి టైరు ఎక్కించే ప్లాస్టిక్ లివరు ఒకటి విరిగింది. రెండోదానితో ఎలాగో ఎక్కించాడు గానీ లోపల ట్యూబు నలిగి చిల్లు పడింది. ఇంకో ట్యూబు వేస్తే అదీ అంతే. ఇక మిగిలింది నా సంచిలోని ఒక్కటే.

సైకిళ్లు నెట్టుకుంటూ కనుమ పైకి చేరాం. అక్కడ టీ నీళ్లలో ఉడికించిన గుడ్లు అమ్మే గ్యోక్ అత్త ఉంది. అరవై ఎనిమిదేళ్లు, రబ్బరు బూట్లు, నా చేతులకంటే చిన్న చేతులు. అన్నయ్య బొటనవేలి బొబ్బలు చూసి సంగతి అడిగింది. చాంగ్‌హ్వాలో సైకిళ్ల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు చక్రాలకు టైర్లు ఎక్కించానని చెప్పి, పొయ్యి మంట తగ్గించి, స్టూలు లాక్కుని కూర్చుంది.

మొదట టైరు లోపల తీగముక్క ఇంకా ఉందేమోనని అంతా వేలితో తడిమి చూసింది. నా సంచిలోని ఆఖరి ట్యూబు తీసుకుని, అది గుండ్రంగా నిలిచేంత గాలి మాత్రమే ఊదింది. వాల్వుకు ఎదుటి వైపు మొదలుపెట్టి అంచును లోపలికి తోస్తూ వచ్చింది. జానెడు మిగిలినచోట మేమైతే లివరు అందుకునేవాళ్లం. ఆమె ఆ జానెడు జోలికే పోలేదు. ఉన్న కాస్త గాలీ వదిలేసి, మళ్లీ అవతలి కొసకు వెళ్లి, టైరును రెండు వైపులా నొక్కి రిమ్ము మధ్యనున్న పల్లంలోకి దించుతూ వచ్చింది. అలా దించినకొద్దీ ఇటువైపు వదులొచ్చింది. చివరికి రెండు అరచేతుల మొదళ్లతో ముందుకు దొర్లించింది. అంచు చప్పుడు లేకుండా లోపలికి జారిపోయింది.

"టైరుతో కుస్తీ పడితే అదే గెలుస్తుంది నాయనా. దానికి అలుపుండదు" అంది.

మేం ఇంకా నోళ్లు తెరుచుకుని చూస్తుండగానే ఆమె టైరు మళ్లీ ఊడదీసి చక్రం అన్నయ్య ఒళ్లో పెట్టింది. ఆ ట్యూబు పోతే మా ప్రయాణం అక్కడితో సరి.

"వద్దత్తా, మీరే ఎక్కించేయండి" అని బతిమాలాను.

"రేపు ఎక్కడో పంచరైతే నన్ను జేబులోంచి తీస్తారా?" అంది.

అన్నయ్య మూడుసార్లు తప్పాడు. లివరు వైపు చెయ్యి వెళ్లినప్పుడల్లా ఆమె ఆ చేతి మీద చిన్న దెబ్బ వేసింది. నాలుగోసారి ఆమెలాగే అవతలి కొసనుంచి ఓపిగ్గా వదులు తెచ్చుకుంటూ వచ్చాడు. అంచు లోపలికి పోయింది. మా అన్నయ్య ఇంత నెమ్మదిగా ఏ పనీ చేయగా నేను చూడలేదు. ట్యూబు ఎక్కడైనా అంచు కింద ఇరుక్కుందేమోనని అత్త చుట్టూ టైరును పక్కకు నొక్కి చూశాక, వాల్వును లోపలికోసారి తోసి చూశాక, గాలి కొట్టమంది.

చక్రం బిగించగానే ఆమె ఏప్రన్ విప్పి అన్నయ్య సైకిలెక్కింది. నేను కంగారుపడ్డాను.

"నేను ఎక్కించినదైతే చూడక్కర్లేదు. ఇది మీ అన్న పనితనం కదా" అని నవ్వి, సైకిల్ని దిగుడు వైపు వదిలింది. రబ్బరు బూట్లతోనే మలుపు దాటి కనుమరుగైంది. గుడ్ల గిన్నె మాకు అప్పజెప్పినట్టయింది. ఒక లారీ డ్రైవరు వచ్చి రెండు గుడ్లు అడిగితే నేనే తీసిచ్చాను.

కాసేపటికి ఆమె ఆ ఎత్తంతా సైకిలు దిగకుండా తొక్కుకుంటూ వచ్చింది. ముఖం ఎర్రబడింది, ఊపిరి మాత్రం నిబ్బరంగా ఉంది. సైకిలు అన్నయ్య చేతికిచ్చి, టైరు బాగానే ఉంది, సీటే మరీ ఎత్తుగా ఉందని చెప్పింది.