కళ్ళు మూసుకుని నిలబడడం

"ఇంట్ల ఎవ్వలు లేకపోతే గిట్లనే అయితది."

సాయంత్రం బడి నుంచి వచ్చి చేతిసంచి ఇంకా గోడకు తగిలించనే లేదు, మా ఆయన అబ్రాహాము నాతో అన్న మొదటి మాట అది. లోపల మంచం మీద మా అత్తమ్మ హన్మవ్వ నడుము కింద వేడి ఇసుకమూట పెట్టుకుని పడుకుని ఉంది. మధ్యాహ్నం బోరింగు దగ్గర ముఖం కడుక్కుంటూ వెనక్కి పడిపోయిందట. పక్కింటి కమలవ్వ చూసి లేపుకొచ్చిందట. ఆ సమయానికి మా ఆయన ముందుగదిలో నిద్రపోతున్నాడు. సబ్‌స్టేషన్‌లో ఆయనది నైట్ డ్యూటీ, పగలంతా ఇంట్లోనే ఉంటాడు. అయినా ఇంట్లో ఎవరూ లేరట! నేను గడప దాటితే ఇల్లు ఖాళీ అయిపోతుందన్నమాట. ఒక రకంగా గొప్ప గౌరవమే.

ఆయన చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు. మా వాడకట్టులో ఒక మగవాణ్ణి దేవుణ్ణి చేయడానికి ఆ రెండూ చాలు. "నీ మొగడు బంగారమే లిదియా" అని కమలవ్వ అన్నప్పుడల్లా నేను తలూపుతాను. ఆ బంగారం తిన్న పళ్ళెం తిన్నచోటే ఎండుతుందని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ పూట అన్నం తింటూ ఆయన తేల్చేశాడు. "వచ్చే శనివారం కామారెడ్డికి పోయి ఎముకల డాక్టరుకు చూపిద్దాం. అమ్మ ఒక్కతే ఉండొచ్చు అంటె సరే. లేదంటె నువ్వు ఉద్యోగం ఇడువాలె. మా అమ్మ కన్న ఎక్కువనా నీ బడి?" ఈ ప్రశ్నకు ఔనన్నా కాదన్నా నేనే చెడ్డదాన్ని. అందుకే పప్పు వడ్డించాను.

మండలాలు కొత్తగా వచ్చిన రోజులవి. నా బడి లింగంపేటలో. ఎల్లారెడ్డిలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక గానీ నా రోజు మొదలైనట్టు ఉండేది కాదు. అంతకు ముందు ఊడ్చినదీ వండినదీ నీళ్ళు పట్టినదీ పనిలోకి రాదు కదా, దానికి పేరూ లేదు, సెలవూ లేదు. మిగతా ఊరందరికీ నేను అబ్రాము పెండ్లాన్ని. పిల్లలకు మాత్రం టీచరును. ఆ పిలుపు విన్నప్పుడు నా వీపు నాకు తెలియకుండానే నిటారుగా అయ్యేది. ఆ ఉద్యోగం నా ఒక్కదాని సంపాదనా కాదు. నేను ట్రైనింగుకు పోయిన రోజుల్లో పాలు మరిచీ మరవని నా బిడ్డను, ఇప్పుడు హాస్టలులో చదువుతున్నదాన్ని, చంకనేసుకుని అత్తమ్మ నాట్లకు పోయింది. పిల్లను గట్టు మీద పడుకోబెట్టి పొద్దు గూకేదాకా బురదలో వంగి నాటింది. "ఏడ్వకు, నీ బిడ్డ నన్నే అమ్మ అంటుంది, ఇంక నువ్వెందుకు?" అని నన్ను ఏడిపిస్తూ నవ్వించేది. ఆ నడుము ఆ మళ్ళలోనే పోయింది.

ఆదివారం చర్చిలో అందరం నిలబడి కళ్ళు మూసుకున్నాం. పాస్టరుగారి ప్రార్థన పెద్దదే అయింది. నా కొంగు ఎవరో లాగినట్టయితే కళ్ళు తెరిచాను. అత్తమ్మ నా కొంగును పిడికిట బిగించి, పడవలో నిలబడ్డట్టు ముందుకూ వెనక్కూ ఊగుతోంది. చుట్టూ అంతమంది ఉన్నా చూసిందాన్ని నేనొక్కదాన్నే. అందరి కళ్ళూ దేవుడి దగ్గర ఉన్నాయి. నేను మెల్లగా భుజం ఆనించాను. ఆమేన్ అనగానే కొంగు వదిలేసి, ఏమీ జరగనట్టు చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

మర్నాటి నుంచి ఇంటి వెనుక గోడకు దగ్గరగా నిలబడడం మొదలుపెట్టింది. కళ్ళు మూసుకుంటుంది, ఊగుతుంది, గోడ పట్టుకుంటుంది, మళ్ళీ మూసుకుంటుంది. "ఏం చేస్తున్నవ్ అత్తమ్మా?" అంటే, "ప్రార్థన. నీకేంది?" అంది. కమలవ్వను అడిగితే అసలు సంగతి చెప్పింది. తాను కూడా నడుం నొప్పికి ఆ కామారెడ్డి డాక్టరు దగ్గరికే పోయి వచ్చిందట. ఆయన ముసలివాళ్ళను కళ్ళు మూయించి నిలబెడతాడట. ఆ ముక్క అత్తమ్మ చెవిన పడింది. మా ఆయన అన్నం తింటూ పెట్టిన షరతు కూడా ఆమె చెవిన పడిందని నాకప్పుడు అర్థమైంది. ఆ పూట కూర మాడబెట్టాను.

శనివారం కామారెడ్డిలో డాక్టరు ఆమె నడుం నొక్కి చూశాడు, కాళ్ళెత్తించాడు. తర్వాత, "అవ్వా, ఒక కాలు ముందర ఒక కాలు పెట్టి గీత మీద నడువు" అన్నాడు. అత్తమ్మ చీర కాస్త ఎత్తిపట్టి, పొలం గట్టు మీద నడిచినట్టు చకచకా నడిచింది. మా ఆయన కూడా నవ్వాడు. డాక్టరు మాకు వివరంగా చెప్పాడు. "నడుం నొప్పి ముదిరినంక ఒళ్ళు ఎటు ఒరుగుతుందో కొందరికి కాళ్ళు చెప్పవు. అంతా కండ్లతోనే ఆపుకుంటరు. ముఖం కడుక్కునేటప్పుడు, చీకట్ల, అట్లాంటి వాళ్ళే పడిపోతరు. ఇప్పుడు అది చూద్దాం. అవ్వా, కాళ్ళు దగ్గర పెట్టి కండ్లు మూసుకో."

పడితే పట్టుకోవడానికి డాక్టరు ఆమె వెనుక చేతులు చాచి నిలబడ్డాడు. మా ఆయన డాక్టరు పక్కన. ఎదురుగా నేను. అత్తమ్మ నిలబడింది. ఊగలేదు. గోడ కూడా అంత కదలకుండా ఉండదేమో. డాక్టరు "భేష్" అన్నాడు. నేను సంతోషంతో ఆమె ముఖంలోకి చూద్దును కదా, రెప్పల సందులోంచి రెండు కళ్ళు నన్నే చూస్తున్నాయి! దొంగ. చర్చిలో ప్రార్థనప్పుడు చాటుగా బిస్కెట్టు తినే పిల్లల్లాగా ఉంది.

"ఏం భయం లేదు. ఒక్కతే ఉండొచ్చు" అన్నాడు డాక్టరు. "అయితె సరే" అన్నాడు మా ఆయన.

నా ఉద్యోగం నాకు దక్కింది. నోరు మూసుకుంటే చాలు. ఆ కళ్ళు కూడా నన్ను అదే బతిమాలుతున్నాయి. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో నోరు మూసుకోవడం నాకు బాగా అలవాటైన పనే కదా అనిపించింది. బస్సులో కిటికీ పక్కన నేను, బోరింగు దగ్గర ముఖం మీద నీళ్ళు చల్లుకుంటూ కళ్ళు మూసుకున్న ఆమె, ఇద్దరమూ ఒకేసారి కనిపించాం. ఈసారి తల రాతికి తగిలితే? ఆమె పడిపోతే దక్కే ఉద్యోగం నాకెందుకు? అసలు ఆమె ప్రాణమో నా బడో ఏదో ఒకటే ఎంచుకోవాలని ఈ లెక్క పెట్టింది ఎవరు? ఆ లెక్క పెట్టిన మనిషి ఆమె వెనుకే, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"సార్, అత్తమ్మ కండ్లు మూయలే. సందులకెల్లి చూస్తున్నది" అన్నాను.

"లిదియా!" అని అరిచింది అత్తమ్మ. డాక్టరు నవ్వి, తువ్వాలు మడిచి ఆమె కళ్ళకు కట్టి, మళ్ళీ వెనక్కి పోయి నిలబడ్డాడు. ఊపిరి తీసి విడిచేంతలో ఆమె వెనక్కి ఒరిగి ఆయన చేతుల్లో పడింది. తువ్వాలు విప్పి కూర్చోబెడితే నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నీ కోసమే గదనే పిచ్చిదానా. నేను పడితె పడ్డ. నీ బడి పోతది గద."

"నీ తలకాయ పగిలినంక నాకు బడెందుకు అత్తమ్మా" అన్నాను. నాకూ ఏడుపు ఆగలేదు.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "నేను ముందే చెప్పిన. ఇంట్ల ఎవ్వలు లేరు సార్, అందుకే పడ్డది. ఇంక లిదియా రాజీనామా..."

"ఎవ్వలు లేరా? నువ్వున్నవు. ముందటి అర్రల పండుకొని ఉన్నవు."

"రాత్రంత డ్యూటీ చేసొచ్చి పండుకున్న."

"నేను గూడ డ్యూటీ చేస్తున్న. నేను బడి ఇడువ. అత్తమ్మను గూడ ఒక్కదాన్ని ఇడువ. పొద్దున నువ్వు డ్యూటీ నుంచి వచ్చినంక అమ్మ మొఖం కడిగి, తానం చేసి కూర్చునేదాంక పక్కకు నిలబడు. ఆ తర్వాత పండుకో. పగటి పూట ఆమె పిలిస్తె లెవ్వు. పొద్దుమూకినంక నేను చూసుకుంట."

ఆయన డాక్టరు వైపు చూశాడు. మగవాడు కదా, తనవైపు మాట్లాడతాడనుకున్నాడేమో. డాక్టరు మాత్రం అత్తమ్మతో రోజూ ఇంట్లో చేయించాల్సిన నిలబడే కసరత్తు నేర్పడానికి గోడ దగ్గరికి పోయి, అలవాటు కొద్దీ నన్నే రమ్మని చెయ్యి ఊపాడు. నాకూ అలవాటే, ఒక అడుగు వేశాను కూడా. ఆగిపోయాను.

"ఆయనకు నేర్పుండ్రి సార్" అని చెప్పి, అక్కడున్న కుర్చీలో కూర్చున్నాను.

సోమవారం పొద్దున నేను సంచి భుజానికి తగిలించుకుని వాకిట్లోకి వచ్చేసరికి అత్తమ్మ గోడ పక్కన కాళ్ళు దగ్గర పెట్టి నిలబడి ఉంది. వెనుక మా ఆయన, డాక్టరు చూపించినట్టే, తాకకుండా రెండు చేతులూ చాచి ఆవులిస్తున్నాడు. కమలవ్వ ప్రహరీ మీదుగా నోరు తెరుచుకుని చూస్తోంది. అత్తమ్మ ఊగింది. ఆయన గబుక్కున పట్టుకుని నిలబెట్టాడు. ఆమె మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఈసారి నేను దగ్గరికి పోయి చూశాను. నిజంగానే మూసుకుంది.

"ఇంకెంత సేపు నిలబడాలె లిదియా?" అని అడిగాడు ఆయన.

నేను నోరు తెరిచేలోపే, కళ్ళు తెరవకుండానే, అత్తమ్మ జవాబు చెప్పింది.

"నా కోడలు ఇంటికొచ్చేదాంక."