రెండో తెర

“లాల్‌బీ. కేసముద్రం. ముప్పై రెండు,” అని చదివి, ఇమ్మానుయేలు బుగ్గలోని లవంగాన్ని అటునుంచి ఇటు మార్చాడు. పక్కనే సుశీల తన తెర మీద అదే పేరు చూసుకుని, లెక్క సరిపోయిందని కీ నొక్కింది.

హన్మకొండ చౌరస్తా దగ్గర, మేడమీద ఉన్న ఆ కంప్యూటర్ సెంటరుకు పల్లెల కరెంటు బిల్లుల పని వచ్చేది. పోయిన నెల లెక్కను ఇమ్మానుయేలు కాగితంలో చూసి పైకి చదవాలి. ఈ నెల లెక్కను సుశీల తెర మీద చూసి, రెండింటికీ పొంతన లేకపోతే దిద్దాలి. మిల్లులో గుమాస్తాగిరీ పోయిన తరువాత ఆయనకు దొరికిన కొలువు ఇదే. నోరు పెట్టుకుని బతుకుతున్నానని తనమీద తానే పరాచికాలాడేవాడు.

నిజానికి ఆ నోటికి ఇంకెక్కడా పని లేదు. భార్య రాహేలు పోయాక ఇంట్లో మంచినీళ్లు అడగడానికి కూడా మనిషి లేదు. చర్చిలో వాక్యం చదవడం ఎప్పుడో కుర్రవాళ్లకు పోయింది. సాయంత్రం గది తాళం తీశాక, మళ్లీ పొద్దున సుశీల “మొదలుపెడ్దామా కాకా” అనేదాకా పెదవి విప్పే అవసరమే రాదు. ఆ ఒక్క మాట కోసమే ఆయన బస్సెక్కేవాడంటే అబద్ధం కాదు.

పోయిన వారం రెండో తెర వచ్చింది. సుశీల తెర పక్కన, ఇమ్మానుయేలు కాగితాలు పెట్టుకునే చోటే దాన్నీ, దాని కీబోర్డునూ పెట్టారు. పోయిన నెల లెక్కంతా అందులో పచ్చటి అక్షరాలతో కనిపించింది. చూపు మందగించిన తనమీద మేనేజరు మల్లికార్జున్‌కు దయ కలిగిందనుకుని పెద్దాయన పొంగిపోయాడు. కొత్త కళ్లజోడు చేయించుకున్నాడు. తడిగుడ్డతో తెర తుడిచి, తన లవంగాల డబ్బీని దాని నెత్తిన పెట్టాడు. ఆశపడ్డవాడికి వచ్చిందల్లా తనకోసమే వచ్చినట్టుంటుంది. వారమంతా చర్చిలో చదివినట్టే, పేరు పేరునా నిదానంగా చదివాడు.

ఆ మధ్యాహ్నం కేసముద్రం పేర్లు చదువుతుండగా లవంగం గొంతుకు అడ్డం పడింది. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, ఒంగిపోయి దగ్గుతూనే ఉన్నాడు.

“నీళ్లు తాగు కాకా,” అని సుశీల గ్లాసు ఆయన ముందుకు జరిపింది.

దగ్గు తగ్గి తలెత్తేసరికి ఆమె రెండు కీబోర్డుల మీద చెరో చెయ్యి వేసి పనిలో మునిగి ఉంది. చూపు ఈ తెర మీదికి ఒకసారి, ఆ తెర మీదికి ఒకసారి పోతోంది. రెండింటిలోనూ కేసముద్రం దాటిపోయి, ములుగు నడుస్తోంది. అందులో ఒక్క పేరు కూడా ఆయన చదవలేదు.

“సారు ఏమన్నడు బిడ్డా?” అని మెల్లగా అడిగాడు.

సుశీల చేతులు ఆగిపోయాయి. “ఈ నెల వరకే అన్నడు కాకా. ఇద్దరి పని నేనొక్కదాన్నే చెయ్యొచ్చట. నీకు చెప్పుమన్నడు. నాకు నోరు రాలే.”

“అంటే వారం సంది ఉత్తగనే చదువుతాన.”

“ఉత్తగ ఎట్లయితది? నువ్వు చదువుతాంటే నేను ఇంటాన గద.”

వినడం వేరు, మనిషి అవసరం కావడం వేరు. ఆ తేడా ఇమ్మానుయేలు గుండెలో కలుక్కుమంది. అయినా ఆమెమీద కోపం రాలేదు. ఇన్నాళ్లు ఆ మాట కడుపులో పెట్టుకుని తన పక్కన కూర్చుందని జాలేసింది.

“ఫికర్ చెయ్యకు. మేడారం ఒక్కటే మిగిలింది. చదువుత, కానియ్.”

చదివాడు. సుశీల రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ప్రతి పేరూ ఆయన నోట విన్నాకే కీ నొక్కింది. ఆ కాసిని పేర్లకే పొద్దు గూకింది. ఇమ్మానుయేలు గొడుగు అందుకుని లేచాడు. రోజూ “పోయొస్త” అనే మనిషి, ఆ రోజు “పోత బిడ్డా” అని మెట్లు దిగాడు.

నెల ఇంకా మిగిలే ఉంది. మర్నాడు ఆయన రాలేదు. ఆ తరువాతా రాలేదు. సుశీల పని మధ్యాహ్నానికే అయిపోతోంది. కిందనుంచి రిక్షా గంట తప్ప గదిలో చప్పుడు లేదు. రెండో తెర వేడెక్కిన కొద్దీ, దాని నెత్తిన ఉండిపోయిన డబ్బీలోంచి లవంగాల వాసన వస్తోంది.